బోర్డు వెలుగుతోంది, తలుపు తెరుచుకోదు: పబ్బుల్లో ఎగ్జిట్ సమస్యలు - పరిష్కారాలు

బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక టెక్ పార్కులో ఫైర్ డ్రిల్లులు చూసే ఉద్యోగం నాది. అందుకని ఎక్కడికెళ్లినా తలుపులు నెట్టి చూసే జబ్బు ఒకటి పట్టుకుంది. మా టీమ్‌లో ఒకాయన సెండాఫ్ కోసం కోరమంగలలో నాలుగో అంతస్తులో ఉన్న ఒక పబ్బుకి వెళ్లాం. ఆకుపచ్చ ఎగ్జిట్ బోర్డు చక్కగా వెలుగుతోంది. దాని కింద బెలూన్లు అంటించిన తెర, ముందు ఫోటోలు దిగడానికి ఒక ఊయల. తెర పక్కకు లాగితే ఇనుప తలుపు, గడియ, గడియకు తాళం.

ఆర్డర్లు తీసుకునే కెప్టెన్ కుర్రాణ్ని పిలిచి నాకొచ్చిన కన్నడంలో అడిగాను. నా యాస విని నవ్వి తెలుగులోకి దిగాడు, మదనపల్లె వాడట. "కీ మేనేజర్ దగ్గర ఉంది సార్. టీ తాగేదానికి కిందికి పోయినాడు." ఈలోపు ఏమన్నా అయితేనో అన్నాను. "ఏమీ కాదులే అన్నా. తాళం తీస్తే బిల్లు కట్టకుండా మెట్లు దిగిపోతారు. ఆ డబ్బులు మా జీతంలో పట్టుకుంటారు."

పబ్బు నడిపేవాళ్లకూ, అందులో పనిచేసేవాళ్లకూ, వారాంతంలో వెళ్లేవాళ్లకూ పనికొస్తుందని, నాకు తరచూ కనబడే లక్షణాలు రాస్తున్నాను.

లక్షణం: ఎగ్జిట్ తలుపుకి తాళం

కారణం ఆ కుర్రాడే చెప్పేశాడు. నిప్పంటే భయం లేక వేసిన తాళం కాదది, బిల్లు పోతుందన్న భయంతో వేసింది. ఈ భయం కొత్తదీ కాదు, మన ఊరిదీ కాదు. 1942 నవంబరు 28న అమెరికాలోని బోస్టన్‌లో కోకోనట్ గ్రోవ్ అనే నైట్‌క్లబ్బు తగలబడి 492 మంది చనిపోయారు. ముందు గుమ్మంలో ఉన్నది గుండ్రంగా తిరిగే తలుపు. జనం మీద పడేసరికి అది బిగుసుకుపోయింది. మిగతా దారుల్లో కొన్నిటికి తాళాలున్నాయి. 2004 డిసెంబరు 30న బ్యూనస్ ఎయిరిస్‌లో క్రొమాన్యోన్ క్లబ్బులో 194 మంది పోయారు, అక్కడా ఎమర్జెన్సీ తలుపు తెరుచుకోకుండా కట్టేసి ఉంది. 2013 జనవరి 27న బ్రెజిల్‌లోని శాంటా మారియాలో కిస్ నైట్‌క్లబ్బు కాలిపోయినప్పుడు, గుమ్మం దగ్గరి సెక్యూరిటీవాళ్లు జనం బిల్లు ఎగ్గొట్టి పారిపోతున్నారనుకుని మొదట కాసేపు ఆపారు. అక్కడ మొత్తం 242 మంది.

పరిష్కారం ప్యానిక్ బార్. తలుపు లోపలివైపు నడుము ఎత్తున అడ్డంగా ఉండే కడ్డీ అది. చేత్తో తిప్పనక్కర్లేదు, ఒళ్లు ఆనించి నెట్టినా తెరుచుకుంటుంది. బయటి నుంచి మాత్రం తెరుచుకోదు కాబట్టి టికెట్ లేకుండా లోపలికి దూరేవాళ్ల గొడవా తీరుతుంది. లోపలివాళ్లు జారుకుంటారన్న అనుమానం ఉంటే, తలుపు కదలగానే కుయ్యిమనే అలారం ఒకటి తగిలించుకోవచ్చు. లోపలికి వచ్చేటప్పుడు కట్టే కవర్ ఛార్జి ముందే తీసుకుంటే సగం టెన్షన్ అక్కడే పోతుంది. తాళంచెవిని పక్కనే గాజు పెట్టెలో పెట్టాం అంటారు కొందరు. కళ్లు మండే పొగలో గాజు పగలగొట్టి, చెవి తీసి, తాళం రంధ్రం వెతికేవాడు ఎవడో నాకైతే తెలీదు.

అసలు మందు ఇంకొకటి ఉంది. బిల్లు పోతే స్టాఫ్ జీతంలో కోయం అని యజమాని ముందు రాసివ్వాలి. అది లేకుండా ఎంత ఖరీదైన ప్యానిక్ బార్ పెట్టినా వారం తిరక్కుండా దానికి ఎవరో గొలుసు చుట్టేస్తారు. చుట్టింది నేను చూశాను కూడా.

లక్షణం: తలుపు తెరుచుకుంది, మెట్ల మీద అడుగు పెట్టే చోటు లేదు

ఖాళీ బీరు క్రేట్లు, విరిగిన బార్ స్టూళ్లు, పాత ఫ్లెక్సీలు, ఒక్కోచోట స్టాఫ్ పడుకునే పరుపులు. ఇందిరానగర్‌లోనో కోరమంగలలోనో అద్దె చదరపు అడుగుల లెక్కన కడతారు, మెట్లకు అద్దె లేదు. స్టోర్‌రూమ్ కోసం పెట్టుకున్న గదిలో ఇంకో రెండు టేబుళ్లు వేస్తే డబ్బులొస్తాయి కాబట్టి సామానంతా మెట్లెక్కుతుంది. ఢిల్లీ ఉపహార్ థియేటర్‌లో 1997 జూన్ 13న 59 మంది చనిపోయారు. అక్కడా అదే లెక్క: అదనంగా వేసిన సీట్లు బయటికి పోయే దారిని మింగేశాయి.

దీనికి పరిష్కారం ఫైలులో దొరకదు. తలుపు దగ్గరి నుంచి రోడ్డు దాకా ఒక మనిషి నడవాలి. పొద్దున పదకొండింటికి, ఊడ్చి తుడిచాక నడిస్తే అన్నీ బాగానే ఉంటాయి. శుక్రవారం రాత్రి పదింటికి నడవండి, క్రేట్లు ఏ మలుపులో చేరాయో అప్పుడు తెలుస్తుంది. మెట్ల చివర, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్న తలుపు కూడా చూడాలి. చాలాసార్లు దానికి బిల్డింగు వాచ్‌మన్ తాళం వేసుకుని ఉంటాడు, పై పబ్బువాళ్లకు ఆ సంగతే తెలియదు.

మన ఊళ్లోనే, 2010 ఫిబ్రవరి 23న పాత ఎయిర్‌పోర్టు రోడ్డులోని కార్ల్‌టన్ టవర్స్‌లో పొగ కమ్మి తొమ్మిది మంది పోయారు. అది పబ్బు కాదు, పట్టపగలు నడిచే ఆఫీసుల బిల్డింగు. దారి దొరక్క అద్దాలు పగలగొట్టుకుని పైనుంచి దూకినవాళ్లున్నారు. ఆ రోడ్డు మీద పోతుంటే పాతకాపులు ఇప్పటికీ ఆ బిల్డింగుని చూపిస్తారు.

లక్షణం: సీలింగుకి, గోడలకి మెత్తటి స్పాంజి

వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకి లేస్తుంది. సౌండు బయటికి పోకూడదని పెట్టింది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు పోలీసులకు ఫిర్యాదు చేస్తారు. నిద్రలేక వాళ్లు పడే బాధ న్యాయమైనదే, కాదనను. దానికి పబ్బువాళ్లు చేసే పని చూడండి: కిటికీలకు ప్లైవుడ్ కొట్టేస్తారు, సందుల్లో చవక ఫోమ్ కుక్కుతారు, వెనక తలుపు తెరిస్తే సౌండు పోతుందని దాన్నీ మూసేస్తారు. గాలి, దారి రెండూ ఒక్క దెబ్బతో పోయాయి.

పాలీయూరితేన్ ఫోమ్ అంటుకుంటే మంట చెయ్యి చాపినంతలో పాకుతుంది, కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు సైనైడ్ వాయువు వదులుతుంది. 2003 ఫిబ్రవరి 20న అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో స్టేషన్ అనే క్లబ్బులో స్టేజి మీద వెలిగించిన బాణసంచా ఈ ఫోమ్‌కి తగిలింది. రెండు నిమిషాలు కాకముందే ముందు గుమ్మం దగ్గర జనం ఒకరి మీద ఒకరు పడి దారి మూసుకుపోయింది. 100 మంది పోయారు. చాలామంది వచ్చిన దారినే బయటికి పోవాలని చూశారు, పక్కన వేరే తలుపులు ఉన్నా సరే.

ఫోమ్ పీకేసి రాక్‌వూల్ లాంటి మండని సరుకు పెట్టించాలి. ఫైర్ రిటార్డెంట్, అంటే తొందరగా అంటుకోని రకం, అని దుకాణదారు నోటిమాట చెబితే సరిపోదు, టెస్ట్ సర్టిఫికెట్ అడగాలి. స్టేజి మీద బాణసంచా, సీసా మూతికి గుచ్చి వెలిగించే మెరుపుల కడ్డీలు లోపల వద్దంటే వద్దు. పుట్టినరోజు టేబుల్ దగ్గర ఈ మాటంటే అందరూ నన్ను ముసలాయన్ని చూసినట్టు చూస్తారు.

లక్షణం: ఎగ్జిట్ కంటే వాష్‌రూమ్ బోర్డే బాగా కనబడుతోంది

ఇది చిన్న విషయంలా ఉంటుంది. కిస్ క్లబ్బులో చాలామంది వాష్‌రూముల్లోనే దొరికారు. ముంబై కమలా మిల్స్‌లో 2017 డిసెంబరు 29న రూఫ్‌టాప్ పబ్బులు కాలినప్పుడు చనిపోయిన 14 మందిలో కూడా ఎక్కువమంది వాష్‌రూమ్‌లోకి పోయినవాళ్లే. చీకట్లో వెలుగు ఎటుంటే కాళ్లు అటే పోతాయి.

పొగ ముందు పైకప్పును పట్టుకుంటుంది కాబట్టి తలుపు పైనున్న బోర్డు మొదట మాయమవుతుంది. నేల దగ్గర, గోడ అడుగున, కరెంటు పోయినా మెరిసే పట్టీలు అంటించండి. వాష్‌రూమ్ బోర్డు వెలుగు తగ్గించండి. ఎగ్జిట్ తలుపును నల్ల గోడలో కలిసిపోయేలా నల్లరంగు వేయించే ఇంటీరియర్ డిజైనర్ మాట మాత్రం వినకండి.

లక్షణం: తలుపు లోపలికి తెరుచుకుంటుంది

వెనక నుంచి జనం తోస్తుంటే ముందున్నవాడు తలుపును తనవైపు లాగలేడు. కార్పెంటర్‌ని పిలిచి బందులు మార్పించండి, బయటికి తెరుచుకోవాలి. తెరిచాక మెట్ల దారికి అడ్డం రాకుండా చూసుకోండి.

లక్షణం: అలారం మోగినా పాట ఆగడం లేదు

అలారానికీ సౌండ్ సిస్టమ్‌కీ సంబంధం లేదు. అలారం మోగగానే పాట ఆగి పెద్ద లైట్లు వెలిగేలా ఎలక్ట్రీషియన్‌తో కలిపించండి. లేకపోతే అది కూడా డీజే గారి బీటే అనుకుంటారు.

ఇక కస్టమర్‌గా వెళ్లేవాళ్లకి. కూర్చునే ముందు రెండో దారి ఎక్కడో అడగండి, అడగడమే కాదు, వెళ్లి నెట్టండి. లిఫ్ట్‌ని దారిగా లెక్కపెట్టకండి. తాళం ఉంటే మేనేజర్‌కి చెప్పండి, తీయకపోతే లేచి వచ్చేయండి, తర్వాత ఫైర్ డిపార్ట్‌మెంటుకి ఫోటోతో సహా రాయండి. పొగ కనబడితే వీడియో తీయకుండా, బ్యాగు వెతక్కుండా, నడుం వంచి బయటపడి 112కి ఫోన్ కొట్టండి.

నెలన్నర తర్వాత ఆ నాలుగో అంతస్తుకి మళ్లీ వెళ్లాను. మదనపల్లె కుర్రాడు దూరం నుంచే గుర్తుపట్టి "రాన్నా, చూద్దువు" అని తీసుకెళ్లాడు. తెర లేదు, తాళం లేదు, ఊయల ఇంకో మూలకి పోయింది. మోచేత్తో తోసి చూపించాడు. ఇద్దరం మెట్లు దిగాం. మూడో అంతస్తు దాకా శుభ్రంగా ఉంది. రెండో అంతస్తు మలుపులో చక్రాలున్న ఆఫీసు కుర్చీలు ఎనిమిది ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. "అవి మావి కాదన్నా, ఈ ఆఫీసోళ్లవి," అన్నాడు. ఆ ఆఫీసుకి తాళం వేసి ఉంది. తలుపు మీదున్న ఫోన్ నంబరు ఇద్దరం రాసుకున్నాం.