బడిలో పోషకాహార వారోత్సవం ఎలా జరపాలి?

ఏటా సెప్టెంబరు 1 నుంచి 7 దాకా జాతీయ పోషకాహార వారోత్సవాలు. 1982 నుంచి జరుగుతున్నాయి. 2018 నుంచి ఆ నెల మొత్తాన్నీ పోషణ్ మాసం అంటున్నాం. ఈ వారం చాలా బడుల్లో ప్రార్థనలో ఒక ఉపన్యాసం, గోడకు నాలుగు చార్టులు, ఒకరిద్దరు చిన్నపిల్లలకు క్యారెట్ వేషం, ఆపైన ఫొటోలు. అదే రోజు మధ్యాహ్నం బీరకాయ కూరను కంచం అంచుకు నెట్టేసి పిల్లలు లేచిపోతారు.

పిల్లలు కొత్త కూరకు అలవాటు పడేది నాలుకతోనే అని నా గట్టి నమ్మకం. అందుకే ఇక్కడ చెప్పేవన్నీ తాకే, ఒలిచే, తూచే, రుచి చూసే పనులు. విజయవాడ, గుంటూరుల్లో ఏ బడికైనా అందుబాటులో ఉండేవే, పెద్ద ఖర్చు లేనివే.

1. తేదీ, మనుషులు

మూడు నాలుగు వారాల ముందే హెచ్‌ఎం, సైన్సు మాస్టారు, పీఈటీ, వంట చేసే అక్కలు ఒకచోట కూర్చోవాలి. వంటవాళ్ళను పిలవకుండా వేసిన ప్రణాళిక కాగితం మీదే మిగిలిపోతుంది. ఒకరిద్దరు తల్లులనూ కలుపుకోండి.

ఇంకో తేదీని కూడా చేతిలో ఉంచుకోండి. 2024లో సరిగ్గా సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ చుట్టుపక్కలంతా నీట మునిగింది. ఆ రోజులు మన దగ్గర వానల రోజులు. వీలు కాకపోతే అక్టోబరు 16, ప్రపంచ ఆహార దినోత్సవం చుట్టూ పెట్టుకున్నా పని ఒక్కటే.

బడిలో కాస్త మట్టి ఉంటే ఆగస్టు మొదట్లోనే తోటకూర, మెంతులు చల్లించండి. మెంతి రెండు మూడు వారాల్లో, తోటకూర నెలలోపు కోతకొస్తుంది. చేతులు కడిగే కుళాయి నీళ్ళు మడిలోకి పారేలా చిన్న కాలువ తీస్తే చాలు, సెలవు రోజుల్లో తప్ప నీళ్ళకు ఎవర్నీ పురమాయించనక్కర్లేదు.

2. ముందే పెట్టుకోవాల్సిన నియమం

ఏ పిల్లవాడి క్యారేజీనీ నలుగురిలో తెరిచి "ఇది మంచిది, అది చెడ్డది" అనకూడదు. ఈ ఒక్క నియమం తప్పితే మిగతా వారమంతా దండగ. ఉత్త పచ్చడన్నంతో వచ్చిన పాప వెనక ఆ ఇంట్లో తెల్లవారుజామున నాలుగింటికి పనికి పోయిన తల్లి ఉండొచ్చు. బరువు తూచి అందరి ముందూ చదవడం, "లావు", "బక్క" అనడం కూడా వద్దు. ఒక ఇంట్లో గుడ్డు తింటారు, ఇంకో ఇంట్లో తినరు, ఒకరింట్లో ఎండుచేపల పులుసు, ఇంకొకరింట్లో పప్పుచారు. ఏ ఇంటి తిండినీ ఎక్కువ తక్కువలు చేసి మాట్లాడకూడదు. వేరుశనగ, పాలు, గుడ్డు లాంటివి పడని పిల్లలెవరో తల్లిదండ్రులను ముందే అడిగి రాసుకోండి.

3. మధ్యాహ్న భోజనం నుంచే మొదలుపెట్టండి

ప్రభుత్వ బడిలో ఉన్నవాళ్ళకు పాఠం రోజూ కంచంలోకే వస్తుంది. గోదావరి లంకల గన్నవరంలో వేళాపాళా చూడకుండా వచ్చినవారందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరే మన రాష్ట్రంలో ఈ పథకానికి పెట్టారు. ఆమె ఎవరో పిల్లలకు ఒక పూట చెప్పండి, కథలా వింటారు.

ఆ తర్వాత తక్కెడ తెప్పించండి. పీఎం పోషణ్ (కేంద్రం మధ్యాహ్న భోజన పథకం) లెక్క ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లవాడికి పూటకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్ళకు 150, 30, 75, 7.5 గ్రాములు. వీటిని పిల్లల చేతే తూయించి నాలుగు కాగితపు పళ్ళేల్లో వరుసగా పెట్టించండి. 50 గ్రాముల కూరగాయలంటే ఎంతో కళ్ళతో చూశాక, తాము రోజూ పక్కకు నెట్టేసేది ఎంతో వాళ్ళకే తెలుస్తుంది. మాస్టారు ఒక్క ముక్క చెప్పక్కర్లేదు.

రాగిజావ ఇచ్చే రోజున రాగుల సంగతి చెప్పండి. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అంతే బరువు పాలలో ఉండేది 120 దగ్గర. చిక్కీ ఇచ్చే రోజున వేరుశనగలో బరువుకు నాలుగో వంతు మాంసకృత్తులే అన్నది చెప్పండి. తింటూ విన్న మాట మనసులో నిలుస్తుంది.

4. ఆకుకూరల బల్ల (ఒకటి నుంచి మూడో తరగతి)

పొద్దున్నే విజయవాడలో అయితే పటమట రైతు బజారుకో, గుంటూరులో అయితే మీకు దగ్గర్లోని రైతు బజారుకో ఒక టీచరమ్మ, ఒక తల్లి వెళ్ళి కట్టలు తెస్తే చాలు. తోటకూర, పాలకూర, బచ్చలి, చుక్కకూర, పొన్నగంటి, మునగాకు, ఎర్ర గోంగూర, తెల్ల గోంగూర. పేర్లు రాసిన చీటీలు విడిగా పెట్టి, కట్ట పక్కన సరైన చీటీ పెట్టమనండి. తర్వాత కళ్ళకు గంతలు కట్టి వాసనతో గుర్తుపట్టమనండి. మెంతికూర, పుదీన, కొత్తిమీర కలిపితే ఆట రక్తి కడుతుంది.

అసలు పండగ గోంగూర ఒలవడంలో ఉంది. చాప పరిచి, చేతులు కడిగించి, నలుగురికో కట్ట ఇవ్వండి. మొదట కాడతో సహా పీకేస్తారు. కాడ ఎడమ చేత్తో పట్టుకుని ఆకును తొడిమ దగ్గర వెనక్కి విరవడం ఒకసారి చూపిస్తే అందుకుంటారు. వేళ్ళకు కాస్త జిగురు తగులుతుంది, ఎవడో ఒకడు ఆకు నోట్లో వేసుకుని మొహం ముడుస్తాడు, పక్కవాడూ వేసుకుంటాడు, ఇక చాప అంతా పులుపే. (అందుకే ఆకును ముందే కడిగి ఉంచండి.) ఆడపిల్లలనూ మగపిల్లలనూ కలిపే కూర్చోబెట్టండి. ఆ ఆకుతోనే ఆ మధ్యాహ్నం గోంగూర పప్పు వండించండి. తాము ఒలిచిన కూరను తోసేసే పిల్లలు తక్కువ.

5. రుచి చూసే గంట

ప్రతి తరగతికీ ఒక పీరియడ్ చాలు. ఒక కొత్తది, ఒక తెలిసినది పక్కపక్కన పెట్టాలి. ఉడికించిన బీట్‌రూట్ పక్కన జామ ముక్క, అలసందల గుగ్గిళ్ళ పక్కన శనగలు. శ్రావణమాసం పేరంటాల్లో వాయనంగా వచ్చిన నానిన శనగలు మన పిల్లలకు బాగా తెలిసినవే కాబట్టి మొదటి రోజు వాటితో పెట్టుకోండి. మొలకలైతే ఒక పది నిమిషాలు ఆవిరి పట్టించి పెట్టండి, చిన్నపిల్లలకు పచ్చివి వద్దు. వేరుశనగలు, శనగలు నోట్లో ఉండగా పరుగులు పెట్టనివ్వకండి.

పద్ధతి ఇది. ఒక్కొక్కరికీ ఒక చిన్న చెంచా. వద్దన్నవాళ్ళను బలవంతం చేయొద్దు, వాసన చూసినా చాలు. నచ్చకపోతే మర్యాదగా తీసి వేయడానికి కాగితం ముక్క ఉండాలి. "బాగుంది, బాలేదు" అనే మాటలు వాడకుండా రుచి చెప్పమనండి. తీపా, పులుపా, వగరా, కరకరమంటోందా, జిగురుగా ఉందా? ఉగాది పచ్చడి తిన్న పిల్లలకు ఆరు రుచుల పేర్లూ వచ్చు. వగరు అనే మాట వాళ్ళ నోట వచ్చేది ఇక్కడే.

ఒక్కసారికే ఇష్టపడతారని ఆశపడకండి. కొత్త కూరకు అలవాటు పడడానికి ఎనిమిది, పది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ సార్లు రుచి చూడాల్సి వస్తుంది. అమ్మలు రెండోసారికే "మా వాడు తినడండీ" అని వదిలేస్తారు. ఈ ఒక్క మాట తల్లిదండ్రులకు చేరినా వారం సార్థకమే.

6. చక్కెర చెంచాలు (ఐదు నుంచి ఎనిమిదో తరగతి)

ఖాళీ కూల్‌డ్రింకు సీసాలు, మామిడి జ్యూస్ డబ్బాలు, బిస్కెట్ల కవర్లు పిల్లల్నే తెమ్మనండి. వెనక చిన్న అక్షరాల్లో ఉండే పట్టీలో చక్కెర ఎంతో వెతికించండి. మామూలు కోలాల్లో 100 మిల్లీలీటర్లకు 10 గ్రాముల పైనే ఉంటుంది. అంటే 250 మిల్లీలీటర్ల సీసాలో 25 గ్రాములకు పైగా. 5 గ్రాముల చెంచాతో ఖాళీ గ్లాసులోకి ఒక పిల్లవాడు వేస్తుంటే తరగతి అంతా లెక్కపెట్టాలి. ఒకటి, రెండు, మూడు... మూడో చెంచాకే గుసగుసలు మొదలవుతాయి. ఐదు పూర్తయ్యాక గ్లాసును చేతులు మార్చి తిప్పండి. బరువు తెలియాలి.

రోజు మొత్తంలో తీసుకునే శక్తిలో విడిగా కలిపే చక్కెర వాటా 10% లోపు, వీలైతే 5% లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు 1,600 కేలరీలు తీసుకునే పిల్లవాడికి 10% అంటే 40 గ్రాములు. ఈ లెక్క నల్లబల్ల మీద పిల్లలే కట్టాలి. ఒక్క సీసాతో ఎంత అయిపోయిందో వాళ్ళే చెబుతారు. సీబీఎస్ఈ 2025లో తన బడులన్నిటినీ ఇలాంటి చక్కెర బోర్డులు పెట్టమంది. మీది రాష్ట్ర సిలబస్ అయినా పెట్టుకోవచ్చు. పక్కనే మజ్జిగ, నిమ్మకాయ నీళ్ళు, కొబ్బరి నీళ్ళు ఉంచి, తాగడానికి అవే ఇవ్వండి. కొబ్బరిబోండం చేతికిచ్చే ముందు ఆ పాత పొడుపుకథ వేయండి: "చెయ్యని కుండ, పొయ్యని నీరు, వెయ్యని సున్నం, తియ్యగ నుండు."

బడి గేటు సంగతి కూడా ఇక్కడే చూడాలి. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న సరుకును బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపునా అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020 నిబంధనల్లో ఉంది. అలాగని బండివాళ్ళను తరిమేయడం నాకు ఇష్టం లేదు, అదే వాళ్ళ బతుకుతెరువు. మరమరాలు, ఉడికించిన వేరుశనగ, జామకాయలు, మొక్కజొన్న పొత్తులు పెడితే పిల్లలు కొంటారని హెచ్‌ఎం వెళ్ళి మాట్లాడితే వినేవాళ్ళుంటారు.

7. పెద్ద తరగతులకు

సైన్సు మాస్టారు అయోడిన్ చుక్కలతో ఒక పీరియడ్ తీసుకోవాలి. అన్నం, బంగాళదుంప మీద వేస్తే నల్లని నీలం, గుడ్డు తెల్లసొన మీద వేస్తే ఆ రంగు రాదు. చిప్స్‌ను తెల్లకాగితంలో నలిపి వెలుతురులో చూపిస్తే నూనె మరక కనిపిస్తుంది. అయోడిన్ తగిలినవి ఎవరూ తినకుండా ఒక పెద్దవారు చూసుకోవాలి.

ఇంతకంటే ముఖ్యమైనది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి దాదాపు 60 మందికి అది ఉంది. మెట్లెక్కితే ఆయాసం, పాఠంలో మగత, కింది కనురెప్ప లోపలి వైపు పాలిపోవడం. ఇవి బద్ధకం కావు. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర ఎందుకో, ఫిబ్రవరి, ఆగస్టుల్లో నులిపురుగుల మాత్ర ఎందుకో మగపిల్లలతో కలిపే చెప్పండి. ఐరన్ మాత్రను అన్నం తిన్నాక వేసుకోవాలి. ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండితే, భోజనం తర్వాత ఉసిరికాయో జామకాయో తింటే అందులోని ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనంతోనూ, అయిన వెంటనేనూ టీ తాగితే ఒంటబట్టేది తగ్గుతుంది. ఇంట్లో అమ్మలు ఈ చివరి మాటను పిల్లల నోటి నుంచి వింటే ఎక్కువ పట్టించుకుంటారు.

ఒకరోజు వరండాలో ముగ్గుతో పెద్ద కంచం వేయించండి. సగం కూరలూ పళ్ళూ ఉండాలన్నది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే పద్ధతి. నిజమైన కూరగాయలు, పప్పులు, గుడ్లు తెచ్చి ఆ గీతల్లో సర్దమనండి. మన ఇళ్ళలో అన్నం కంచంలో ముప్పావు వంతు ఆక్రమిస్తుందని పిల్లలే గొడవ పెడతారు. ఆ గొడవ జరగనివ్వండి.

8. ఇంటివాళ్ళు వచ్చే రోజు

శనివారం పెడితే ఎక్కువమంది వస్తారు. కూరగాయలను నెమళ్ళుగా చెక్కే పోటీ పెట్టొద్దని నా సలహా. ఆ కూరగాయలు చివరికి చెత్తలోకే పోతాయి. దాని బదులు అమ్మమ్మలను, నానమ్మలను పిలిచి తలా ఒకటి చేసి చూపించమనండి. ఉలవచారు, నువ్వులుండలు, సున్నుండలు, జొన్నరొట్టె, మునగాకు పప్పు, అలసందల వడలు. నూనె పొయ్యి దగ్గర పెద్దవాళ్ళే ఉండాలి. బహుమతిగా చాక్లెట్ ఇవ్వకండి. మొక్కో, గరిటో, విత్తనాల పొట్లమో ఇవ్వండి. పుట్టినరోజులకు చాక్లెట్ల బదులు పళ్ళో చిక్కీయో పంచడం ఆ రోజే అందరూ కలిసి అనుకుంటే తర్వాత ఎవరికీ ఇబ్బంది ఉండదు.

9. వారం అయ్యాక

పనికొచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఒక బకెట్, ఒక తక్కెడ చాలు. వారానికి ముందు ఐదు రోజులు, తర్వాత ఐదు రోజులు కంచాల్లో మిగిలిన తిండిని బకెట్లో వేయించి ఎనిమిదో తరగతి పిల్లల చేత తూయించండి. ఏం మిగిలిందో కూడా రాయించండి. ఒక కూర రోజూ మిగులుతుంటే పిల్లలను తిట్టేముందు వంట అక్కలతో కూర్చోండి. ముక్క పెద్దదైందా, కారం ఎక్కువైందా, పోపు లేదా? పప్పులో కలిపేస్తే సరిపోయే కూరలు చాలా ఉన్నాయి.

రుచి గంటను నెలకొకసారి కొనసాగించండి. కాలానికి తగ్గట్టు వచ్చేవాటితో పట్టిక వేసుకుంటే ఖర్చు తక్కువ: అక్టోబరులో సీతాఫలం, కార్తీకంలో ఉసిరి, సంక్రాంతి దగ్గర రేగుపళ్ళు, చలికాలంలో తేగలు, ఎండలు ముదిరాక తాటిముంజలు, సెలవులకు ముందు నూజివీడు మామిడి. తేగలు ఉడికించి, మధ్యలో ఈనె తీసేసి, చిన్నవాళ్ళకు ముక్కలుగా విరిచి పెట్టండి. సీతాఫలం గింజలు తినకుండా చూసుకోండి.