మొదటి గిటార్‌కి ఎంత పెట్టాలి, దుకాణంలో ఏం చూడాలి

మొదటి గిటార్‌కి ఎంత పెట్టాలని ఎవరడిగినా నేను చెప్పే లెక్క ఒకటే. చేతిలో 10 వేలుంటే 8 వేల గిటార్ చూడండి, మిగతా 2 వేలు సెటప్‌కి (అంటే తీగల ఎత్తు, నెక్ వంపు సరిచేయించడానికి), ఒక మంచి తీగల సెట్‌కి, కాస్త మెత్త ఉన్న బ్యాగుకి ఉంచుకోండి. 10 వేలూ గిటార్‌కే పోసి, దుకాణం వాళ్లు ఎలా ఇచ్చారో అలాగే వాయించేవాళ్లకన్నా, 8 వేలది కొని సెటప్ చేయించుకున్నవాళ్లే ఎక్కువ రోజులు వాయించడం చూశాను. అటకెక్కిన గిటార్ల గురించి అడిగితే అందరూ టైమ్ లేదంటారు గానీ, ఒకసారి కిందికి దింపించి తీగ నొక్కి చూడండి, అసలు కారణం మీ వేలికే తెలుస్తుంది.

పర్ఫెక్ట్ గిటార్ అంటే ఏంటని ఇంటర్నెట్‌లో వెతికితే చెక్క పేర్లు, బ్రాండ్ల గొడవ తప్ప పెద్దగా ఏమీ దొరకదు. వాయించేవాళ్ల వైపు నుంచి చూస్తే కావాల్సినవి మూడు. తీగ సులువుగా నొక్కగలగాలి, ఏ ఫ్రెట్ (నెక్ అనే పొడవాటి కాడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర నొక్కినా శ్రుతి తప్పకూడదు, గంటసేపు ఒళ్లో పెట్టుకున్నా భుజం పీకకూడదు. శబ్దం బాగుందా లేదా అన్నది వీటి తర్వాతే. మొదటి రెండూ ధర మీద కన్నా సెటప్ మీద ఎక్కువ ఆధారపడతాయి. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. తీగలు నెక్ పైకొసన కూర్చునే గాళ్ల పట్టీని నట్ అంటారు, కింద తీగల్ని పట్టి ఉంచే బ్రిడ్జ్‌లో నిలబడే సన్నటి తెల్ల పట్టీని శాడిల్ అంటారు. ఈ రెండింటినీ సరైన ఎత్తుకి అరగదీయడం, నెక్ లోపలుండే ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీని అలెన్ కీతో తిప్పి నెక్ వంపు సరిచేయడం, ఇదే సెటప్. చవక గిటార్లు చాలావరకు తీగలు ఎత్తుగా ఉండేటట్టే బయటికొస్తాయి. ఎత్తుగా ఉంటే తీగ ఫ్రెట్‌కి తగిలి బజ్ కొట్టదు (జర్రుమని మోగదు), కంప్లైంట్లు రావు, నొప్పి మాత్రం కొన్నవాళ్లది.

ఇక చెక్క పురాణం. వెనకా పక్కలా ఏ చెక్క వాడారన్నదాని మీద వేలకు వేలు ధర పెంచుతారు. 1862లో స్పెయిన్‌లో ఆంటోనియో దె టోరెస్ అనే ఆయన వెనకభాగం, పక్కలు అట్టతో చేసి, పైపలక మాత్రం మంచి చెక్కతో పెట్టి ఒక గిటార్ తయారుచేశాడు, శబ్దానికి ప్రాణం పైపలకే అని చూపించడానికి. అది ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. 2018లో ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ యూనివర్సిటీ వాళ్లు ప్రచురించిన పరిశోధన ఇంకా సరదాగా ఉంటుంది. వెనకా పక్కలా చెక్క తప్ప మిగతాదంతా ఒకేలా చేయించిన 6 గిటార్లని 52 మంది గిటారిస్టుల చేతికిచ్చి, ఏది ఏదో కనిపించకుండా మసక వెలుతురులో వెల్డింగ్ కళ్లద్దాలు పెట్టించి, వాయించి మార్కులేయమన్నారు. కొండెక్కి కూర్చున్న బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌కీ మామూలు చెక్కకీ మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి దుకాణంలో ఎవరైనా వెనకవైపు తిప్పి చూపించి మురిపిస్తుంటే, మీరు మెల్లగా ముందువైపు తిప్పి పైపలక సాలిడా లామినేటా అని అడగండి. సాలిడ్ అంటే అసలు చెక్క పలక, లామినేట్ అంటే ప్లైవుడ్ లాగా పొరలు అతికించింది. సౌండ్ హోల్, అంటే పైపలక మధ్యలో ఉండే గుండ్రటి రంధ్రం, దాని అంచుని దగ్గరగా చూస్తే చాలాసార్లు తెలిసిపోతుంది: పైన కనిపించే చెక్క గీతలు అంచు మందంలోకి కూడా అలాగే దిగితే సాలిడ్, పొరలు పొరలుగా కనిపిస్తే లామినేట్. లామినేట్ అంటే తీసిపారేయాల్సింది అనుకోకండి, మన ఎండలకి అదే గట్టిగా నిలబడుతుంది, నేర్చుకునే రోజుల్లో దాంతో వచ్చే నష్టం ఏమీ లేదు.

రేట్ల సంగతికొద్దాం. రెండున్నర నుంచి 4 వేల మధ్య ఆన్‌లైన్‌లో 38 అంగుళాల గిటార్లు బ్యాగు, బెల్టు, పిక్కులు (తీగ మీటే ప్లాస్టిక్ ముక్కలు), అదనపు తీగలతో సహా కిట్‌గా వస్తాయి, రంగులు చూస్తే కళ్లు చెదురుతాయి, పైన పటారం లోన లొటారం. వీటిలో కొన్నిటికి ట్రస్ రాడ్ ఉండదు, కొన్నిటికి ట్యూనింగ్ కీలు నిలవవు, ఒక పాట అయ్యేలోపే శ్రుతి జారిపోతుంది. ఒకటీ అరా బాగానే వస్తాయి, కాకపోతే ఏది వచ్చిందో బాక్సు విప్పేదాకా తెలియదు. 8 నుంచి 12 వేల మధ్య ఆట మారుతుంది. యమహాలో ఎఫ్280, ఎఫ్310, కోర్ట్‌లో ఏడీ810 లాంటివి ఈ వరసలోవే. ఈ ధరకి మీకు దొరికేది గొప్ప శబ్దం అనుకోవద్దు, ఏ పీసు చూసినా ఒకేలా ఉండే పనితనం, సరిచేయడానికి లొంగే నెక్. యమహా 2019లో చెన్నై దగ్గర ఫ్యాక్టరీ తెరిచి అక్కడ కూడా గిటార్లు చేస్తోంది. 15 నుంచి 25 వేల మధ్య సాలిడ్ టాప్ మొదలవుతుంది, ఫెండర్ సీడీ-60ఎస్, యమహా ఎఫ్‌జీ800 లాంటివి. ఏడాదిపాటు వదలకుండా వాయించినవాళ్లు ఇక్కడికి రావచ్చు, తేడా చెవికి తెలుస్తుంది. అంతకుమించి పెట్టేముందు మీకు ఏ శబ్దం కావాలో మీకే తెలిసుండాలి, తెలియకపోతే ఆ డబ్బు దాచుకోండి. 2020లో, నిర్వాణా బ్యాండ్ గాయకుడు కర్ట్ కొబేన్ వాయించిన మార్టిన్ గిటార్ వేలంలో 60 లక్షల డాలర్లకి పోయింది, ఆ డబ్బు చెక్కకి కట్టింది కాదని వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు పని, దుకాణంలో. ఆబిడ్స్‌లోనో సికింద్రాబాద్‌లోనో ఎక్కడికెళ్లినా, వాయించి చూడనివ్వని చోట కొనొద్దు. మీకు వాయించడం రాకపోయినా పర్లేదు, ఈ పరీక్షలకి చెయ్యీ కన్నూ చాలు. ముందు ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని గిటార్‌ని శ్రుతి చేయించండి, గోడకి వేలాడే గిటార్ శ్రుతిలో ఉండదు, శ్రుతిలో లేకపోతే తీగల బిగువు సరిగా ఉండదు, అప్పుడు ఏ కొలతా నిజం చెప్పదు. తర్వాత జేబులోంచి కార్డులు తీయండి. మామూలు ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. అంకెలు ఉబ్బెత్తుగా లేని కార్డులు మూడు కలిపి, నట్ వైపు నుంచి లెక్కపెడితే వచ్చే 12వ ఫ్రెట్ దగ్గర ఫ్రెట్‌కీ లావు తీగకీ మధ్య దూర్చండి. మూడు కార్డులు తీగని పైకి లేపకుండా సరిగ్గా పడితే ఎత్తు 2.3 మిల్లీమీటర్ల దగ్గర ఉన్నట్టు, హాయిగా వాయించొచ్చు. నాలుగు పట్టాయంటే సెటప్‌తో సరిపోతుంది. ఐదు కార్డులు కూడా దూరిపోతుంటే ఆ గిటార్‌ని తిరిగి గోడకి తగిలించమనండి. "వాయిస్తా ఉంటే సెట్ అయితది సార్" అంటారు. కాదు. వాయించినకొద్దీ మీ వేళ్లు కాయలు కాస్తాయే తప్ప తీగలు కిందికి దిగవు.

నట్ ఎత్తు ఇంకో రకం, దీన్ని ఎవరూ చూడరు. తీగని 3వ ఫ్రెట్ దగ్గర (అంటే 2కీ 3కీ మధ్య) నొక్కిపట్టి, 1వ ఫ్రెట్ మీద ఎంత సందుందో చూడండి. వెంట్రుకవాసి సందుంటే మంచిది, సందు స్పష్టంగా కనిపిస్తుంటే నట్ గాళ్లు సరిగా తీయలేదని అర్థం. ఎఫ్ కార్డ్ (ఒకే వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కాల్సిన స్వరాల గుంపు) దగ్గర ఆగిపోయి సంగీతం మన వంటికి పడదేమో అనుకునేవాళ్లలో కొందరికి శత్రువు ఈ నట్టే, పనోడి చేతిలో పడితే అరగంటలో పోయే జబ్బు.

తర్వాత శ్రుతి పరీక్ష. 12వ ఫ్రెట్ తీగ పొడవుకి సరిగ్గా సగం దగ్గర ఉంటుంది, కాబట్టి అక్కడ నొక్కి మీటితే ఖాళీ తీగ స్వరమే ఒక స్థాయి పైన పలకాలి. ట్యూనర్ ముల్లు చూడండి, ఆరు తీగల్లోనూ ముల్లు మధ్యకి దగ్గరగా ఉంటే చాలు. అన్నీ ఒకేవైపు పైకి జరుగుతుంటే తీగలు ఎత్తుగా ఉండుంటాయి, నొక్కడంలోనే తీగ సాగి స్వరం పెరుగుతుంది. ఒకటి పైకీ ఇంకొకటి కిందికీ పోతుంటే ముందు తీగలు తుప్పు పట్టాయేమో చూడండి, కొత్త తీగలేసినా అలాగే ఉంటే వదిలేయండి. ఆ తర్వాత ఒక్కో తీగనీ ఒక్కో ఫ్రెట్‌లోనూ మీటుతూ పోవాలి, విసుగే కానీ తప్పదు. రోడ్డు మీది హారన్ల గోలలో బజ్ వినపడదు, అందుకే చెవిని గిటార్ పక్కభాగానికి ఆనించి వినండి, లోపలి మోత మొత్తం తెలుస్తుంది. చివరగా అరచేతిని నెక్ అంచు వెంట జరపండి, ఫ్రెట్ కొసలు గీరుకుంటున్నాయంటే ఫ్రెట్‌బోర్డు ఎండి కుంచించుకుపోయింది, లోహం కుంచించుకోదు కదా.

ఒళ్లో పెట్టుకోవడం గురించి. డ్రెడ్‌నాట్ అనే పెద్ద సైజే ఎక్కడ చూసినా ఉంటుంది, పొట్టిగా ఉన్నవాళ్లకి దాని మీంచి చెయ్యి వేయడమే కసరత్తు. కాస్త చిన్న బాడీ వాయించి చూడండి. పిల్లలకైతే ఎనిమిది నుంచి పదకొండేళ్ల దాకా త్రీ ఫోర్త్ సైజు, నైలాన్ తీగలు. నైలాన్ వేళ్లకి మెత్తన, కానీ నెక్ వెడల్పు. నట్ దగ్గర స్టీల్ గిటార్‌కి 43 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే నైలాన్ తీగల క్లాసికల్‌కి 52 దాకా ఉంటుంది. నైలాన్ గిటార్‌కి స్టీల్ తీగలు మాత్రం వేయకండి. స్టీల్ సెట్ మొత్తం లాగుడు 70 కిలోల పైమాటే, బ్రిడ్జ్ ఊడి చేతికొస్తుంది. స్టీల్‌లోనే మొదట్లో 0.010 లేదా 0.011 (అన్నిటికన్నా సన్న తీగ మందం, అంగుళాల్లో) సన్న తీగలు వేయించుకుంటే సగం బాధ తగ్గుతుంది. ఎలక్ట్రిక్ కావాలంటే నేరుగా దాంతోనే మొదలుపెట్టొచ్చు, అకూస్టిక్ (కరెంటు అక్కర్లేని మామూలు గిటార్) నేర్చుకున్నాకే ఎలక్ట్రిక్ అన్నది చాదస్తం. కాకపోతే ఆంప్ (శబ్దం పెంచే స్పీకర్ పెట్టె), కేబుల్ ఖర్చు ముందే లెక్కేసుకోండి. అదే ధరలో పికప్ (శబ్దాన్ని ఆంప్‌కి పంపే పరికరం) ఉన్న అకూస్టిక్ ఇస్తామంటే ఆశపడకండి, పికప్ డబ్బు చెక్క పనిలోంచే కోసి ఉంటారు, స్టేజీ ఎక్కే రోజు వచ్చాక చూసుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్‌కి మన హైదరాబాద్ బంగారు గని. గచ్చిబౌలి, కొండాపూర్, నిజాంపేట వైపు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో, లాక్‌డౌన్‌లో ఉత్సాహంగా కొని ఆనక ముట్టని గిటార్లు, ఊరు మారిపోతూ వదిలించుకునేవి వస్తూనే ఉంటాయి. సగం ధర దగ్గర బేరం మొదలుపెట్టండి, కానీ డబ్బు ఇచ్చేముందు రెండు చూడండి. ఒక కాగితం ముక్క తీసుకుని బ్రిడ్జ్ వెనక అంచు కింద తోయండి, కాగితం లోపలికి దూరిందంటే బ్రిడ్జ్ లేస్తోంది. రెండోది శాడిల్. అది దాదాపు బ్రిడ్జ్‌లోకి అరిగిపోయి ఉండి, తీగలు మాత్రం ఇంకా ఎత్తుగానే ఉన్నాయంటే నెక్ కోణం పోయినట్టే. దాన్ని బాగు చేయించే ఖర్చుకి మామూలు గిటార్ ఇంకొకటి వస్తుంది. పైన గీతలు, సొట్టలు ఉంటే మాత్రం సంతోషించండి, వాటివల్ల శబ్దం చెడదు, బేరానికి పనికొస్తాయి.

ఇంటికి తెచ్చాక వాతావరణంతో పేచీ. గిటార్‌కి గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య నచ్చుతుంది, మన ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో అది బాగా కిందికి పడిపోతుంది, ఏసీ ఇంకా ఆరబెడుతుంది. అలాగని కూలర్ ఎదురుగా పెట్టకండి, అది ఒకేవైపు తడి గాలి కొడుతుంది. బ్యాగులో పెట్టి, ఎండ తగలని గోడ వారగా నిలబెడితే లామినేట్ గిటార్‌కి అంతకన్నా సేవలు అక్కర్లేదు, సాలిడ్ టాప్ అయితే బ్యాగులో తేమ పట్టి ఉంచే ప్యాక్ ఒకటి వేయండి. మే నెలలో పార్క్ చేసిన కారులో మాత్రం పది నిమిషాలు కూడా వదలొద్దు, జిగురు మెత్తబడి అతుకులు జరుగుతాయి. వానాకాలంలో పైపలక ఉబ్బి తీగలు కాస్త లేస్తాయి, ఎండాకాలంలో అదే పలక దిగి బజ్ వస్తుంది. అందుకని సెటప్ చేయించిన నెల ఫోన్‌లో రాసుకోండి, రెండు మూడు నెలలకి గిటార్ తేడాగా అనిపిస్తే ట్రస్ రాడ్ మీద చెయ్యి వేసేముందు ఆ మూడు కార్డులూ 12వ ఫ్రెట్ దగ్గర మళ్లీ పెట్టి చూడండి.