డార్జిలింగ్ బొగ్గు బండిని ఫోటో తీయడం ఎలా?

పిల్లలతో డార్జిలింగ్ వెళ్లినవాళ్లు టాయ్ ట్రైన్ ఎక్కకుండా రారు. ఫోటోలు మాత్రం అందరివీ ఒకేలా ఉంటాయి: ఆగి ఉన్న ఇంజన్, దాని ముందు వరసగా ఇంటిల్లిపాదీ. 1881లో మొదలైన ఈ లైన్‌లో పట్టాల మధ్య ఎడం రెండడుగులే (ఊటీ బండిది మీటర్ గేజ్, దీనికన్నా వెడల్పు). అంత సన్నని పట్టాల మీద బండి కొండెక్కుతుండగా తీయాలంటే కొంచెం ముందే ఆలోచించుకోవాలి.

మొదట టికెట్. డార్జిలింగ్ నుంచి ఘూమ్ దాకా వెళ్లి తిరిగొచ్చే జాయ్ రైడ్‌లలో స్టీమ్‌వీ ఉంటాయి, డీజిల్‌వీ ఉంటాయి. బుక్ చేసేటప్పుడు స్టీమ్ అని ఉందో లేదో చూసుకోండి. చవకని డీజిల్ తీసుకుంటే మిగతాది చదవక్కర్లేదు. వీలైనంత వరకు పొద్దుటి బండే ఎంచుకోండి. గాలి ఎంత చల్లగా ఉంటే ఆవిరి అంత తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. అక్టోబర్, నవంబర్‌లలో అయితే వెనకాల కాంచన్‌జంగా కూడా కనిపించే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు అసలు సంగతి. ఘూమ్ స్టేషన్ 2,258 మీటర్ల ఎత్తున ఉంది, డార్జిలింగ్ కన్నా దాదాపు 180 మీటర్లు పైన. అంటే వెళ్లేటప్పుడు ఎక్కుడు, వచ్చేటప్పుడు దిగుడు. ఎక్కేటప్పుడే ఇంజన్ రొప్పుతుంది, పొగా ఆవిరీ కక్కుతుంది. దిగేటప్పుడు దానికి పెద్దగా పనుండదు. అందుకే వెళ్లేటప్పుడే తీసేయండి, తిరుగు ప్రయాణంలో పిల్లల పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకోండి.

ఇంట్లో ఒకరికి ఫోటోల పిచ్చి మరీ ఎక్కువైతే, మిగతావాళ్లను బండెక్కించి తను టాక్సీలో వెళ్లడం ఇంకా మేలు. పట్టాలు చాలావరకు హిల్ కార్ట్ రోడ్డును ఆనుకునే పోతాయి. బండి నెమ్మది కాబట్టి టాక్సీ ముందుకెళ్లి ఒక మలుపులో ఆగొచ్చు. ట్రాఫిక్ జామ్ అయిందా, బండిదే గెలుపు! కిటికీలోంచి చేతులూపే పిల్లలు, ముందు పొగ చిమ్మే ఇంజన్, రెండూ ఒకే ఫ్రేమ్‌లో పడేది ఇలాగే. ఇంట్లోవాళ్లను ఒప్పించే పని మాత్రం మీదే.

బండిలోనే ఉంటే బతాసియా లూప్ కోసం కాచుకోండి. 1919లో వేసిన ఈ చుట్టులో బండి గుండ్రంగా తిరిగి తన దారినే పైనుంచి దాటుతుంది. చివరి పెట్టెలో, మలుపు లోపలి వైపు కిటికీ దగ్గర ఉంటే ముందున్న ఇంజన్ కనిపిస్తుంది. ఫోన్ బయటికి చాచకండి, చాలాచోట్ల గోడలూ స్తంభాలూ మరీ దగ్గరగా ఉంటాయి. ఇక్కడ బండి ఆగగానే జనమంతా ఇంజన్ మీదకు ఎగబడతారు. మీరు ఆ గుంపులో దూరకుండా, పట్టాలకు దూరంగా, కాస్త పక్కగా నిలబడండి. కదిలే ముందు సిలిండర్ల దగ్గర్నుంచి బుస్సుమని రెండు పక్కలా ఆవిరి కొడుతుంది. ఆ ఫోటో తీయగానే పరుగున వచ్చి ఎక్కాలి, కాబట్టి మీ పెట్టె దగ్గరలోనే ఉండండి.

ఫోన్‌లో అయితే తెల్లటి ఆవిరి మీద వేలు ఆనించి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం కిందకి లాగండి. నీలం ఇంజన్ కాస్త నల్లబడినా ఎడిటింగ్‌లో సరిచేసుకోవచ్చు, పూర్తిగా తెల్లబారిపోయిన ఆవిరిని మళ్లీ తేలేం. కెమెరాలో అయితే షటర్ వేగం సెకనులో 1/250 వంతు చాలు. చక్రాలు తిరుగుతున్నట్టు కనిపించాలంటే 1/30కి దించి, బండితో పాటే కెమెరా తిప్పండి. ఒకటి రెండు పాడవుతాయి, టెన్షన్ పడకండి.

ఇంజన్ ముందు భాగంలో ఇద్దరు మనుషులు కూర్చుని ఉంటారు, గమనించండి. చక్రాలు జారినప్పుడు పట్టాల మీద ఇసుక చల్లేది వాళ్లే. ఈ బీ క్లాస్ ఇంజన్లను 1889 నుంచి తయారుచేశారు, ఇసుక చల్లే పని మాత్రం ఇప్పటికీ చేత్తోనే. ఘూమ్‌లో బండి కాసేపు ఆగుతుంది కదా, అప్పుడు అడిగి తీయండి: ఇసుక పట్టిన వేళ్లు, మసి అంటిన చొక్కా. అడగకుండా మొహం మీద కెమెరా పెట్టడం మర్యాద కాదు.

బొగ్గు నలుసులు గాల్లో ఎగురుతూనే ఉంటాయి. లెన్స్ తుడిచే మెత్తటి గుడ్డ జేబులో ఉంచుకోండి, పిల్లలకు ఆ రోజు తెల్ల బట్టలు వేయకండి.