సర్క్యూట్ బోర్డు అచ్చుకు పంపే ముందు థర్మాకోల్ మీద గుచ్చి చూడండి

బంగారుపాళ్యంలో మా బావగారి మామిడి తోట ఉంది. అక్కడి బోరు మోటారును ఫోనుతో ఆపడానికి నేను గీసిన మొదటి సర్క్యూట్ బోర్డులు పదికి పదీ అక్కరకు రాలేదు. కరెంటును ఒకవైపే పోనిచ్చే 1ఎన్4007 డయోడు కాలు 0.86 మి.మీ. దాకా లావుంటుంది. నేను ఇచ్చిన రంధ్రం 0.8. మళ్లీ చేయించి తెప్పించేసరికి కాపు కోతకొచ్చింది.

బోర్డులు చవకగా చేసేవారు ఒకే పెద్ద పలక మీద చాలామంది డిజైన్లు పేర్చి, ఒకేసారి తయారుచేసి, విడివిడిగా కోసి పంపుతారు. అందుకే ఆ ధర కావాలంటే అందరి కొలతల్లోనే మనమూ ఉండాలి: రెండు పొరలు, 1.6 మి.మీ. మందం, 35 మైక్రాన్ల రాగి, ఆకుపచ్చ పూత. చాలా చోట్ల 100 × 100 మి.మీ. దాటితే ధర బాగా పెరుగుతుంది. మాది 104 వచ్చింది. రిలేను (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి, ఆపే స్విచ్చి) అడ్డంగా తిప్పితే 98కి దిగింది.

గీయడం మొదలుపెట్టకముందే, బోర్డు గీసే సాఫ్ట్‌వేర్ కీక్యాడ్‌లో ఈ హద్దులు నింపండి. తయారుచేసేవాళ్లు 0.15 మి.మీ. వెడల్పు ట్రాక్ (రాగి గీత) చేయగలమన్నా నేను 0.25కు తగ్గను. 230 వోల్టుల వైపుకు, 5 వోల్టుల వైపుకు నడుమ 8 మి.మీ. ఖాళీ వదలండి. రిలే కాళ్ల దగ్గర అంత చోటు లేకపోతే మధ్యలో చీలిక కోయించండి. ఇక్కడ మాత్రం పొదుపు వద్దు, తడి చేతులతో మీట నొక్కేది రైతు.

తర్వాత బోర్డును అసలు కొలతలో కాగితం మీద తీయించండి. బాలాజీ కాలనీలో నేను వెళ్లే జిరాక్స్ షాపులో ప్రింటరు బొమ్మను పేజీకి తగ్గట్టు కుదించేస్తుంది. నూరు శాతం పెట్టమని చెప్పి, వచ్చాక స్కేలుతో అంచు కొలుస్తాను. ఆ కాగితాన్ని థర్మాకోల్ ముక్క మీద పరచి, గుండుసూదితో గుచ్చి, కొన్న విడిభాగాలనే ఒక్కొక్కటిగా దించండి. వైర్లు బిగించే స్క్రూ టెర్మినళ్లలో కాళ్ల ఎడం 5.00, 5.08 అని రెండు రకాలు. రెండు కాళ్లుంటే తేడా తెలియదు. ఎనిమిది కాళ్లకు అర మిల్లీమీటరు దాటి, చివరి కాలు రంధ్రం పక్కన నిలబడుతుంది.

ఏ కాలు ఏదో కాగితం చెప్పదు, ఆ వరుసను విడిభాగం తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో (డేటాషీటు) చూడాలి. కాళ్లు కిందికి, చదును ముఖం మనవైపు ఉంచితే బీసీ547 ట్రాన్సిస్టర్‌లో ఎడమ కాలు కలెక్టర్, 2ఎన్3904లో ఎమిటర్. రంధ్రం వెడల్పూ కాగితానికి అందదు, వెర్నియర్‌తో కాలు కొలిచి 0.2 కలపండి. నా డయోడుకు ఇప్పుడు 1.1 ఇస్తున్నాను.

తయారీకి పంపే గర్బర్ (పొరల బొమ్మలు), డ్రిల్ (రంధ్రాలు) ఫైళ్లు జిప్ చేశాక ఆ జిప్‌నే గర్బర్ వ్యూయర్‌లో తెరవండి. బోర్డు అంచు గీత ఎక్కడా తెగకూడదు. రంధ్రాలు ప్యాడ్ల (కాళ్లను టంకం వేసే రాగి చుక్కల) నడిమధ్యన పడాలి. కింది పొర అక్షరాలు అద్దంలోలా తిరగబడి కనిపిస్తే సరిగ్గా ఉన్నట్టే, వాటిని సరిచేయబోకండి.