ముంపు తగ్గాక ఇంటికి సాయం, కారుకు బీమా: దరఖాస్తు చేసుకునే విధానం

ఇంట్లోంచి వరద నీరు తీయగానే బురద కడిగేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ పనికి ముందు ఒక్క అరగంట ఆగితే తరువాత నెలల తరబడి తిరగాల్సిన తిరుగుడు చాలావరకు తప్పుతుంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వానలకు బుడమేరు కట్టకు గండ్లు పడి, విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీరు తగ్గాక అగ్నిమాపక యంత్రాలు వీధివీధికీ వచ్చి ఇళ్లు కడిగి పెట్టాయి. అది ఎంతో మేలు చేసిన పని. అయితే గోడ మీది నీటి గుర్తును ముందే ఫొటో తీసుకోని ఇళ్లలో బురదతో పాటు ఆ రుజువూ కొట్టుకుపోయింది.

అందుకే మొదటి పని ఫొటోలు. నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో గోడ మీద గోధుమరంగు చార చెబుతుంది. దాని పక్కన టేపు గాని, పిల్లల స్కేలు గాని నిలబెట్టి, కొలత అంకెలు కనిపించేలా ఫొటో తీయాలి. ఇంటి నంబరు, వీధి కనిపించేలా బయటి నుంచి ఒకటి తీయాలి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, టీవీ వంటి వాటికి వెనకవైపు అతికించి ఉండే మోడల్, సీరియల్ నంబర్ల చీటీని దగ్గరగా తీయాలి. కొన్నప్పటి బిల్లు తడిసిపోయినా ఆ చీటీ పనికొస్తుంది. పాడైన వస్తువులను, నష్టం లెక్కగట్టడానికి వచ్చే బీమా సర్వేయర్ చూసేదాకా చెత్తబండిలో వేయకండి. మురిగి వాసన వస్తుంటే ఫొటోలు తీసి, బీమా సంస్థకు మెసేజ్ పెట్టి, ఆ తరువాతే పారేయండి.

ప్రభుత్వ సాయం, బీమా సొమ్ము దేనికది వేరు. ఒకటి అందిందని రెండోదానికి దరఖాస్తు మానుకోనవసరం లేదు.

ప్రభుత్వ సాయానికి ఆంధ్రప్రదేశ్‌లో తొలి మెట్టు గ్రామ, వార్డు సచివాలయమే. సిబ్బంది ఇంటింటికీ తిరిగి నష్టం నమోదు చేస్తారు. విజయవాడ వరదలప్పుడు నీట మునిగిన గ్రౌండ్‌ఫ్లోర్ ఇంటికి 25,000 రూపాయలు, మొదటి అంతస్తు, ఆపై వారికి 10,000, ద్విచక్ర వాహనానికి 3,000, ఆటోకు 10,000 చొప్పున రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ప్రతి వరదకూ ఇవే మొత్తాలు ఉండవు. ఎప్పటికప్పుడు వెలువడే ఉత్తర్వును బట్టి మారతాయి. ఇల్లు కూలినా, గోడలు దెబ్బతిన్నా విపత్తు నిధి నుంచి ఇచ్చే సాయానికి కేంద్రం కట్టిన లెక్క ఉంది. 2022–26 కాలానికి నిర్ణయించిన దాని ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు, కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500 రూపాయలు.

నమోదుకు సిబ్బంది వచ్చినప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఉండేలా చూసుకోండి. బంధువుల ఇంట్లో తలదాచుకున్న కుటుంబాలు జాబితా నుంచి జారిపోయేది ఇక్కడే. అద్దెకు ఉంటున్నవారు, ఆధార్‌లో సొంతూరి చిరునామా ఉన్నవారు మరింత జాగ్రత్త పడాలి: ముంపు నాటికి ఆ ఇంట్లోనే ఉన్నట్టు చూపడానికి అద్దె ఒప్పందం, గ్యాస్ బుక్, కరెంటు బిల్లు, పిల్లల స్కూలు రసీదు, ఏది ఉంటే అది దగ్గర పెట్టుకోండి. జాబితాను సచివాలయంలో ప్రదర్శించినప్పుడు పేరు ఒక్కటే చూసి వెనక్కి రావద్దు. అంతస్తు, వాహనం, ఖాతా నంబరు కూడా సరిచూసుకోండి. గ్రౌండ్‌ఫ్లోర్ బదులు మొదటి అంతస్తు అని పడితే చేతికందే సొమ్ము ఎంత తగ్గుతుందో పై లెక్కే చెబుతోంది.

పేరు లేకపోయినా, వివరం తప్పు పడినా తెల్లకాగితం మీద అర్జీ చాలు. అర్జీలో బాధ కన్నా వివరం ముఖ్యం. ఇలా రాయవచ్చు: “ఫలానా తేదీ ఉదయం ఆరు గంటలకు మా ఇంట్లోకి నీరు వచ్చింది. నాలుగు అడుగుల ఎత్తున మూడు రోజులు నిలిచింది. ఇల్లు గ్రౌండ్‌ఫ్లోర్. నమోదుకు వచ్చిన రోజు మేము పునరావాస కేంద్రంలో ఉన్నందున మా వివరాలు నమోదు కాలేదు. ఫొటోలు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ నకళ్లు జతచేశాను.” అర్జీ ఇచ్చాక రసీదు తీసుకోవడం మరవకండి. అక్కడ పని జరగకపోతే ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో నిర్వహించే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఆ రసీదు నకలు జతచేసి ఇవ్వవచ్చు. తెలంగాణలో అదే సోమవారం ప్రజావాణి ఉంటుంది. సొమ్ము నేరుగా ఆధార్‌తో అనుసంధానమైన ఖాతాలోకి వస్తుంది కాబట్టి, ఆ అనుసంధానం పనిచేస్తోందో లేదో బ్యాంకులో ముందే అడిగి తెలుసుకోండి.

ఇక కారు. సొంత కారుకు దాదాపుగా బీమాయే దిక్కు, అదీ మన కారుకు జరిగే నష్టాన్నీ కలుపుకునే సమగ్ర పాలసీ ఉంటేనే. ఎదుటివారికి జరిగే నష్టానికే పరిమితమైన థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే వరద నష్టానికి రూపాయి కూడా రాదు. నీట మునిగిన కారును “ఒకసారి స్టార్ట్ అవుతుందేమో చూద్దాం” అని తాళం తిప్పడమే అన్నిటికన్నా పెద్ద నష్టం. గాలి పీల్చే గొట్టం గుండా సిలిండర్‌లోకి చేరిన నీరు గాలిలా నొక్కుకుపోదు. పిస్టన్ పైకి వచ్చి ఆ నీటికి గుద్దుకుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అది వరద వల్ల కాక స్టార్ట్ చేయడం వల్ల కలిగిన నష్టమని సంస్థ చెప్పవచ్చు; ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు రక్షణ పాలసీలో లేకపోతే ఆ ఖర్చు మీ మీదే పడవచ్చు. తాళం ముట్టుకోకుండా, నీటి మట్టం, నంబర్ ప్లేటు, లోపలి సీట్లు కనిపించేలా ఫొటోలు తీసి, వెంటనే బీమా సంస్థకు ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. కారును టోయింగ్ బండి మీదే వర్క్‌షాప్‌కు చేర్చండి. సర్వేయర్ చూడకముందు విప్పనివ్వకండి.

క్లెయిమ్ ఫారంలో జరిగింది జరిగినట్టే రాయండి. కారు ఇంటి ముందు నిలిపి ఉందా, నీళ్లలో నడుపుతుండగా ఆగిందా అన్నది సర్వేయర్ తప్పక అడుగుతారు. ఇంజిన్ విప్పితే జవాబు అందులోనే ఉంటుంది. ఆర్‌సీ, లైసెన్సు తడిసి అట్టకట్టుకుపోతే డిజీలాకర్‌లోని ప్రతులు చెల్లుతాయి. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు, బ్యాటరీకి జీరో డిప్రిసియేషన్ (పాతబడినందుకు తరుగు కోయకుండా ఇచ్చే అదనపు రక్షణ) లేని పాలసీలో సగం ధరే ఇస్తారని ముందే తెలిస్తే బిల్లు చూసి గాబరా ఉండదు. మరమ్మతు ఖర్చు పాలసీలో రాసిన కారు విలువలో 75 శాతం దాటితే దాన్ని పూర్తి నష్టంగా లెక్కగడతారు. అప్పుడు వర్క్‌షాప్ వారు తొందరపెట్టినా మరమ్మతుకు సంతకం చేయకుండా సంస్థ రాతపూర్వక నిర్ణయం వచ్చేదాకా ఆగండి.

ఇంటికి బీమా లేదనుకునే చాలామందికి ఒక మాట. గృహరుణం తీసుకున్నప్పుడు బ్యాంకు ఇంటికి పాలసీ చేయించి ఉండవచ్చు. రుణ ఖాతా నంబరుతో బ్రాంచిలో అడగండి. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీలో ముంపు నష్టం కలిసే ఉంటుంది. ఇంటి భవనానికి ఆ పాలసీ తీసుకుంటే, లోపలి సామానుకు కూడా భవనం బీమా మొత్తంలో 20 శాతం మేర, గరిష్ఠంగా 10 లక్షల దాకా రక్షణ దానంతటదే వస్తుంది.

క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాతలో అడగండి. మొదట సంస్థలోని ఫిర్యాదుల విభాగానికి రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది న్యాయంగా లేకపోయినా, ఏడాది లోపు బీమా వివాదాలను పరిష్కరించే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. మన రెండు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. క్లెయిమ్ నంబరు, తిరస్కరణ లేఖ, మొదటి రోజు తీసిన ఫొటోలు ఫిర్యాదుకు జతచేయండి.