ఎండలు ముదరకముందే షుగర్ ఉన్నవాళ్లు చూసుకోవాల్సినవి

షుగర్ అదుపులో ఉండి మెట్‌ఫార్మిన్ మాత్ర ఒక్కటే వేసుకునేవాళ్లకు రోజూ వేలు పొడిచి మిషన్‌లో షుగర్ చూసుకోవాల్సిన పని లేదు. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష, ఫలితం నిలకడగా ఉంటే ఆరు నెలలకోసారి చాలు. మందు మార్చినా, అదుపు తప్పినా మూడు నెలలకోసారి చేయించుకోవాలి. ఈలోపు పొద్దున్నే 118 వచ్చిందా 126 వచ్చిందా అని టెన్షన్ పడితే స్ట్రిప్స్ ఖర్చు తప్ప ఒరిగేదేమీ లేదు.

కానీ వరంగల్, కరీంనగర్, రామగుండం వైపు ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె దాటేదాకా సంగతి వేరు. చెమటలు, నీరసం, గుండె దడ, కళ్లు తిరగడం: ఎండ దెబ్బకూ ఇవే, షుగర్ పడిపోయినా ఇవే. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు "ఎండకు అట్లనే ఉంటదిలే" అని నీడలో నడుం వాల్చడమే అసలు ప్రమాదం. వెంటనే పరీక్ష చేసుకోవాలి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. మిషన్ దగ్గర లేకపోతే అనుమానం మీదే చక్కెర తీసుకోండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

ఈ కాలంలోనే పెండ్లిళ్లు. పొద్దున మాత్ర వేసుకుని హన్మకొండలో ఏ ఫంక్షన్ హాల్‌కో పోతే, ముహూర్తం పదకొండింటికి, ఫొటోలు అయ్యేసరికి రెండు, బంతిలో కూర్చునేసరికి మూడు. "అక్కడే తిందాంలే" అని ఖాళీ కడుపుతో బయల్దేరొద్దు. ఇంట్లో నాలుగు ఇడ్లీలు తిని, జేబులో బిస్కెట్ ప్యాకెట్ పెట్టుకుని పోవడంలో నామోషీ ఏం లేదు. అలాంటి రోజు భోజనానికి ముందు ఒక స్ట్రిప్ వాడితే దానికి అర్థం ఉంది.

ఇక మామిడిపండు. రసం అంటిన వేలినే పొడిస్తే మిషన్ ఆ పండులోని చక్కెరను కూడా కలిపి చూపిస్తుంది. లేని షుగర్ చూసి ఇన్సులిన్ పెంచుకుంటే కొంపమునుగుతుంది. స్పిరిట్ దూదితో తుడిస్తే చాలదు. సబ్బుతో కడిగి, చెయ్యి బాగా ఆరనిచ్చాకే పొడవాలి.

స్ట్రిప్స్ డబ్బా మీద 30 డిగ్రీల లోపు ఉంచమని రాసి ఉంటుంది. బండి డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డు మీద పెడితే ఇక చెప్పేదేముంది! ఫ్రిజ్‌లోనూ వద్దు. కూలర్ గాలికి గదంతా తేమ ఉంటుంది కాబట్టి స్ట్రిప్ తీసిన వెంటనే మూత బిగించాలి.

ఇంకా వాడని ఇన్సులిన్ మాత్రం ఫ్రిజ్‌లోనే ఉండాలి, గడ్డకడితే పారేయాల్సిందే.

కాళ్లకు తిమ్మిర్లున్నవాళ్లు మిట్టమధ్యాహ్నం వేయి స్తంభాల గుడి రాళ్ల మీద వట్టి కాళ్లతో నడవొద్దు. స్పర్శ తగ్గిన పాదం కాలినా తెలియదు. పొద్దు పొద్దున్నే పోయి రండి, ఇంటికొచ్చాక అరికాళ్లు చూసుకోండి.

వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ రెండు రోజులు పూటపూటకూ పరీక్ష తప్పదు. షుగర్ ఉందని ఓఆర్ఎస్‌కు భయపడొద్దు. మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు ఆపాలా అని డాక్టర్‌కు అదే రోజు ఫోన్ చేసి అడగండి. ఇన్సులిన్ మాత్రం సొంతంగా ఆపకండి.