చూపులేని సౌండ్ ఇంజనీరు రికార్డింగ్ స్టూడియోను అమర్చుకునే విధానం

చూపులేని సౌండ్ ఇంజనీరు స్టూడియోలో కూర్చున్నంతసేపూ అతని చెవి రెండు పనులు చేస్తుంది. గాయకుడి గొంతునో వాద్యాన్నో వినడం మొదటి పని. కంప్యూటరు తెర మీద ఉన్నదాన్ని స్క్రీన్ రీడర్ చదువుతుంటే వినడం రెండో పని. చూపున్న ఇంజనీరుకు రెండో పని కళ్లు చేసిపెడతాయి. చూపులేని మన విషయంలో అది కూడా చెవి మీదే పడుతుంది కాబట్టి, నాలుగైదు గంటలు గడిచేసరికి చెవి అలసి, శ్రుతిలోని చిన్న తేడాలను పట్టుకోలేని స్థితికి వస్తుంది. చూపులేనివారికి చెవులు పుట్టుకతోనే పదునుగా ఉంటాయనే మాటను నేను ఒప్పుకోను; ఆ పదును సాధన వల్ల వస్తుంది, అలసట వల్ల పోతుంది. అందుకే స్టూడియో అమర్చుకునేటప్పుడు ప్రతి వస్తువు దగ్గరా ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ పనిని చెవి నుంచి తప్పించి వేళ్లకు అప్పగించగలమా?

గది

మన ఇళ్లలో గదులు సాధారణంగా నున్నటి గోడలు, టైల్స్ నేల, కాంక్రీటు స్లాబుతో ఉంటాయి. అటువంటి గదిలో ఒకసారి చప్పట్లు కొట్టి వింటే శబ్దం గలగలమంటూ తిరిగిరావడం తెలుస్తుంది. గది కొలతలు కూడా ముఖ్యమైనవే. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదిని తీసుకుందాం. గాలిలో శబ్దవేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. దాన్ని గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగిస్తే ఆ గోడల మధ్య ఏ పౌనఃపున్యం ఉబ్బుతుందో, అంటే అతిగా వినిపిస్తుందో తెలుస్తుంది. ఈ గదిలో పొడవు వైపు సుమారు 47 హెర్ట్జ్ దగ్గర, వెడల్పు వైపు 56 హెర్ట్జ్ దగ్గర ఉబ్బు వస్తుంది. ఎత్తు కూడా 10 అడుగులే కాబట్టి అదే 56 దగ్గర రెండు ఉబ్బులు కలిసిపోతాయి, దాని రెట్టింపైన 112 దగ్గర కూడా అదే జరుగుతుంది. 112 హెర్ట్జ్ అంటే మగవారి మాట అడుగుభాగం నడిచే చోటు. వెడల్పూ ఎత్తూ ఒకే కొలతలో ఉన్న గదిలో వ్యాఖ్యానం రికార్డు చేస్తే కుండలో మాట్లాడినట్టు వినిపించడానికి ఇదే కారణం. వేరే గది దొరికే అవకాశం ఉంటే మూడు కొలతలూ వేర్వేరుగా ఉన్నదాన్ని ఎంచుకోండి.

గోడ మూలల్లో నేల నుంచి పైదాకా, చెక్క చట్రాల్లో కనీసం 4 అంగుళాల మందం ఉన్న రాక్‌వూల్ (రాతి పీచు) నింపి, గుడ్డ కప్పి నిలబెట్టండి. పలచటి ఫోమ్ ముక్కలు పైస్థాయి శబ్దాన్ని మాత్రమే పీల్చుకుంటాయి, కిందిస్థాయిని ముట్టుకోవు. డబ్బు చాలకపోతే పాత దూది పరుపులు, మందపాటి బొంతలు కూడా గొంతు రికార్డింగుకు బాగానే పనికొస్తాయి. వాటిని గోడకు ఆనించకుండా బెత్తెడు దూరంలో వేలాడదీస్తే ఇంకా మంచిది. నేల మీద జంపఖానా పరిస్తే దాని అంచులను టేపుతో నేలకు అంటించండి, లేకపోతే అది మన కాలికే అడ్డుపడుతుంది.

స్పీకర్లను సరైన కోణంలో పెట్టడానికి తెరా లేజరూ అక్కర్లేదు, పురికొస చాలు. 4 అడుగుల పురికొస తీసుకుని రెండు చివర్లా ముడివేయండి. ఎడమ స్పీకరు నుంచి కుడి స్పీకరుకు, తరువాత ఒక్కో స్పీకరు నుంచి కుర్చీలో మీ తల ఉండే చోటుకు అదే పురికొసను చాపి చూడండి. మూడు వైపులా సమంగా వస్తే త్రిభుజం కుదిరినట్టే. స్పీకరు ఎత్తుకు మరో పురికొస కావాలి: నేల నుంచి కుర్చీలో కూర్చున్న మీ చెవిదాకా కొలిచి, పైస్థాయి శబ్దమిచ్చే చిన్న కోను ఆ ఎత్తుకు వచ్చేలా సర్దండి. కుర్చీ కాళ్లు ఉండే చోట నేల మీద మందపాటి టేపు ముక్కలు అంటిస్తే, గది ఊడ్చిన తరువాత కూడా అదే చోటికి తిరిగి రాగలుగుతారు.

వేళ్లకు అందే పరికరాలు

మైకునూ స్పీకర్లనూ కంప్యూటరుకు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ కొనేటప్పుడు ధర కంటే ముందు దాని మీటలను తడిమి చూడాలి. మైకు ధ్వనిని ఎంత పెంచాలో సర్దే గెయిన్ నాబ్ ఒక చోట మొదలై ఒక చోట ఆగేదై ఉండాలి, దాని మీద గీత వేలికి తగలాలి. కొన్ని కొత్త నమూనాల్లో నాబ్ ఆగకుండా ఎంతసేపైనా తిరుగుతూనే ఉంటుంది, విలువ చుట్టూ వెలిగే దీపాల్లో మాత్రమే కనిపిస్తుంది. వాటి వల్ల మనకు ఉపయోగం తక్కువ. టచ్ స్క్రీన్ ఉన్న మిక్సర్లదీ అదే సంగతి. కంప్యూటరులోని ప్రోగ్రాముతో మాత్రమే నడిచే ఇంటర్‌ఫేస్ అయితే, ఆ ప్రోగ్రామును ముందుగా దింపుకుని స్క్రీన్ రీడర్ దాన్ని చదువుతుందో లేదో ఇంట్లోనే పరీక్షించిన తరువాతే డబ్బు కట్టండి. దుకాణదారు భరోసాను నమ్మి నేనొకసారి కొన్న పరికరాన్ని, స్క్రీన్ రీడర్ చదవలేని ఒక్క కిటికీ (ప్రోగ్రాము విండో) వల్ల, సగం ధరకు అమ్ముకోవలసి వచ్చింది.

కొన్ని మైకులకు కరెంటు అందించే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ మీట లోపలికి దిగి అక్కడే నిలిచే రకమైతే, అది వేసి ఉందో లేదో వేలికి తెలుస్తుంది. అలా కాకుండా దీపం మాత్రమే వెలిగే రకమైతే ఫోనులో సీయింగ్ ఏఐ యాప్ తెరిచి, వెలుతురును ధ్వనిగా మార్చి చెప్పే విభాగాన్ని ఆ దీపానికి దగ్గరగా పెట్టి తెలుసుకోవచ్చు. ఏ పద్ధతైనా, ఆ మీటను తాకే ముందు స్పీకర్ల ధ్వని పూర్తిగా తగ్గించడం మానకూడదు. స్టూడియో మొదలుపెట్టేటప్పుడు స్పీకర్లను అన్నిటికంటే చివర వేయాలి, మూసేటప్పుడు అన్నిటికంటే ముందు ఆపాలి.

తీగల విషయంలో వేలు కంటిని మించి పనిచేస్తుంది. మైకులకు వాడే ఎక్స్ఎల్ఆర్ తీగకు ఒక చివర మూడు సూదులు, మరో చివర మూడు రంధ్రాలు ఉంటాయి. పావు అంగుళం జాక్ మీద గోటితో గీస్తే స్టీరియో రకానికి రెండు వలయాలు, మోనో రకానికి ఒకటి తగులుతాయి. ప్రతి తీగకూ రెండు చివర్లా బ్రెయిలీ చీటీ అంటించండి. 1951లో దేశమంతటికీ ఒప్పుకున్న భారతీ బ్రెయిలీలో తెలుగు అక్షరాలున్నాయి కాబట్టి ‘మై 1’, ‘స్పీ ఎ’ వంటి పొట్టి గుర్తులు పెట్టుకోవచ్చు. చీటీ పట్టని సన్నటి తీగలకు రబ్బరు బ్యాండ్ల లెక్క సరిపోతుంది: ఒకటో తీగకు ఒక బ్యాండు, రెండోదానికి రెండు. ఇంటర్‌ఫేసు మీద తరచుగా వాడే స్థానాల దగ్గర మాత్రమే ఉబ్బెత్తు చుక్కలు అంటించండి. అన్నిచోట్లా అంటిస్తే ఏ చుక్క దేనిదో తెలియకుండా పోతుంది.

రెండు గొంతులను విడదీయడం

ఈ మొత్తం అమరికలో అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ ఇక్కడే పెట్టాలి. స్క్రీన్ రీడర్ మాటనూ రికార్డింగ్ ధ్వనినీ ఒకే ఇంటర్‌ఫేస్ ద్వారా పంపితే మూడు ఇబ్బందులు వస్తాయి. గాయకుడి హెడ్‌ఫోన్లలో స్క్రీన్ రీడర్ మాట వినిపిస్తుంది. మన చెవిలో రెండూ కలిసి దేన్నీ సరిగ్గా విననివ్వవు. అన్నిటికంటే ప్రమాదకరమైనది, రికార్డింగ్ ప్రోగ్రాము ఇంటర్‌ఫేసు శాంపిల్ రేటును (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలవాలనే అంకెను) మార్చినప్పుడో, దాన్ని పూర్తిగా తన స్వాధీనంలోకి తీసుకున్నప్పుడో స్క్రీన్ రీడర్ మూగబోవచ్చు. చూపున్నవారికి టేకు మధ్యలో తెర ఆరిపోవడం ఎలాంటిదో మనకు ఇది అలాంటిది.

అందుచేత స్క్రీన్ రీడర్‌ను కంప్యూటరులోని సొంత సౌండ్ కార్డుకు పంపండి. విండోస్‌లో నడిచే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ అమరికల్లోని ఆడియో విభాగంలో ఏ పరికరం ద్వారా మాట్లాడాలో ఎంచుకునే వీలుంది. రికార్డింగ్ ప్రోగ్రామును ఇంటర్‌ఫేసుకు మాత్రమే కట్టండి. ఆపై ఒక చిన్న నాలుగు చానెళ్ల మిక్సరులో రెండింటినీ కలిపి మీ హెడ్‌ఫోన్లకు ఇస్తే, స్క్రీన్ రీడర్ ధ్వనికి ప్రత్యేకంగా ఒక నాబ్ చేతికింద ఉంటుంది. ఆ చానెల్ పాన్ నాబ్‌ను (ధ్వనిని ఎడమ కుడి చెవుల మధ్య జరిపేదాన్ని) ఎడమకు పూర్తిగా తిప్పి మాటను ఒక చెవికే పరిమితం చేయవచ్చు, టేకు నడుస్తున్నప్పుడు ధ్వనిని పూర్తిగా తగ్గించవచ్చు. గాయకుడికి వెళ్లే ధ్వని ఇంటర్‌ఫేసు నుంచే నేరుగా వెళుతుంది కాబట్టి అందులో స్క్రీన్ రీడర్ మాట చేరదు. కొనగలిగితే, తెర మీది అక్షరాలను వేలికి తగిలే చుక్కలుగా చూపే బ్రెయిలీ డిస్‌ప్లే మరింత మేలు. ఆర్బిట్ రీడర్ 20 వంటి ఇరవై గడుల పరికరం ఉంటే, ఎన్‌వీడీఏ మాటను మూసేసి ట్రాకు పేరును, పాట సాహిత్యాన్ని వేళ్లతో చదువుకుంటూ చెవిని గాయకుడికే వదిలిపెట్టవచ్చు.

ప్రోగ్రాములు

మ్యాక్ వాడేవారు అందులోని స్క్రీన్ రీడర్ వాయిస్‌ఓవర్‌తో లాజిక్ ప్రో అనే రికార్డింగ్ ప్రోగ్రామును, ఫ్లో టూల్స్ అనే అనుబంధం సాయంతో ప్రో టూల్స్ అనే మరో ప్రోగ్రామును నడపవచ్చు. తక్కువ ఖర్చుతో విండోస్ మీద మొదలుపెట్టేవారికి నేను సిఫారసు చేసేది ఎన్‌వీడీఏ, రీపర్, ఒసారా అనే మూడింటి కలయిక. ఎన్‌వీడీఏ ఉచితం. రికార్డింగ్ ప్రోగ్రామైన రీపర్‌ను 60 రోజులు పరీక్షించుకోవచ్చు, చిన్న సంపాదనదారులకు లైసెన్సు 60 డాలర్లు. ఎన్‌వీడీఏను తీర్చిదిద్దిన ఆస్ట్రేలియా ప్రోగ్రామర్లలో ఒకరైన జేమ్స్ టే మొదలుపెట్టిన ఒసారా, రీపర్‌లో జరిగేదాన్ని స్క్రీన్ రీడర్‌కు అందించే ఉచిత అనుబంధం. దాన్ని చూపులేని వ్యక్తే రాశాడు గనుక, ఏ సంగతి చెప్పాలో ఏది చెప్పకుండా వదిలేయాలో దానికి తెలుసు. ఎఫ్12 నొక్కి తరువాత ఏ కీ నొక్కినా, ఆ పని జరగకుండానే ఆ కీ ఏం చేస్తుందో మాత్రం చెబుతుంది. మొదటి వారమంతా దీనితోనే గడపండి. ఎంపిక చేసిన ట్రాకు మీద పి నొక్కితే దాని విలువలన్నీ జాబితాగా వస్తాయి. పీక్ వాచర్ అనే సాధనం, మీరు పెట్టిన హద్దును ధ్వని దాటినప్పుడు హెచ్చరిస్తుంది. గొంతు రికార్డింగుకు హద్దును మైనస్ 6 డెసిబెళ్ల దగ్గర పెడితే తెర మీద మీటరు చూసే అవసరమే ఉండదు.

ప్లగిన్లలో (ధ్వనిని మార్చే అనుబంధ ప్రోగ్రాముల్లో) రంగులు, గీతలు ఎక్కువగా ఉన్నవి మన చేతికి తరచుగా అందవు. రీపర్‌తో వచ్చే రీఈక్యూ, రీకాంప్, రీగేట్ పూర్తిగా చదవగలిగేవి, వాటితో చేయలేని మిక్సింగ్ చాలా తక్కువ. బయటి ప్లగిన్ల తెర ఎన్‌వీడీఏకు అందకపోయినా, వాటి విలువలను రీపర్‌కు చెప్పే రకమైతే ఒసారా జాబితా ద్వారా మార్చుకోవచ్చు. లైసెన్సు నమోదు కిటికీ మాత్రం చాలాసార్లు మూగగా ఉంటుంది. అక్కడ ఎన్‌వీడీఏ మీటతో పాటు ఆర్ నొక్కితే విండోస్ అక్షరాలను గుర్తించి చదువుతుంది.

కళాకారులు వచ్చినప్పుడు

వచ్చేవారికి వెలుతురు కావాలి. ఈ సంగతి మరిచిపోయి గాయనిని చీకట్లో నిలబెట్టకుండా, గదిలోకి అడుగుపెట్టగానే లైటు వేయడం అలవాటు చేసుకోండి. తలుపు బయట ఎర్రదీపం కూడా వాళ్ల కోసమే. అలాగే ఒక వస్తువును కదిపితే తిరిగి అదే చోట పెట్టమని మొదటే, మొహమాటపడకుండా చెప్పాలి.

మైకు దూరానికి మన పెద్దల కొలతలు చక్కగా సరిపోతాయి. గొంతుకు జానెడు, గుసగుసగా చదివే వ్యాఖ్యానానికి బెత్తెడు, వీణ నుంచి మూర దూరంతో మొదలుపెట్టి, వింటూ సర్దుకోవచ్చు. పక్క నుంచి ధ్వని తీసుకునే పెద్ద మైకులకు సాధారణంగా తయారీదారు ముద్ర ఉన్న వైపే ముందువైపు, అది వేలికి తగులుతుంది. వాద్యాన్ని ముట్టుకునే ముందు కళాకారుడి అనుమతి అడగండి. అద్దం అవతలి నుంచి తల ఊపడం, చేయి ఎత్తడం మనకు అందవు కాబట్టి కళాకారుడి మాటను మనకు చేర్చే టాక్‌బ్యాక్ మైకు ఎప్పుడూ తెరిచే ఉంచి, ఆపాలంటే నోటితో చెప్పమనండి.

ఊళ్లలో జరిగే రికార్డింగులకు జూమ్ సంస్థ 2024లో తెచ్చిన ఎసెన్షియల్ వరుస రికార్డర్లు పనికొస్తాయి. అవి మెనూలను మాటతో చెబుతాయి. అతి చిన్న ధ్వనినీ అతి పెద్ద ధ్వనినీ పట్టుకునే 32 బిట్ ఫ్లోట్‌లో రికార్డు చేస్తాయి కాబట్టి గెయిన్ పెట్టే పనే ఉండదు. పూర్తయిన పాటను పంపేముందు ధ్వని స్థాయిని అంకెల్లో తెలుసుకోవడానికి రీపర్‌కు చేర్చుకునే ఎస్‌డబ్ల్యూఎస్ అనుబంధంలోని లౌడ్‌నెస్ విశ్లేషణ వాడండి. స్పాటిఫై సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే ధ్వని స్థాయికి కొలత) దగ్గరికి సర్దుతుందని గుర్తుంచుకుంటే, పాటను అనవసరంగా బిగించే పని తప్పుతుంది.

మొదటి కళాకారుడిని పిలిచే ముందు ఒక పరీక్ష చేయండి. ఫ్యాను ఆపి, మైకు తెరిచి, హెడ్‌ఫోన్లలో స్క్రీన్ రీడర్ చదువుతూ ఉండగా ఒక నిమిషం నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. ఆ ఫైలును 40 డెసిబెళ్లు పెంచి వినండి. సన్నగా మాట వినిపిస్తే హెడ్‌ఫోన్లు మార్చాలి లేదా ధ్వని తగ్గించాలి. 50 హెర్ట్జ్ గుయ్‌మనే హమ్ వినిపిస్తే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించాలి. పక్కింటి కుక్కర్ విజిల్ వినిపిస్తే రికార్డింగ్ వేళను మార్చుకోవాలి.